ఇంజనుకు పడని నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ దాహం నాన్నదే, అందరికంటే తక్కువ నీళ్ళూ నాన్నకే. ఆయన కిడ్నీలు పాడయ్యాయి. రోజు మొత్తానికీ తాగవలసిన నీళ్ళు అమ్మ చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. మా ఉద్దానం ఊళ్ళలో అప్పటికే ఆ జబ్బు తెలియని ఇల్లు లేదు. ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవారు. డయాలసిస్ కోసం నాన్నను విశాఖపట్నం తీసుకెళ్ళేది మా మావయ్య, అమ్మకు అన్నయ్య. కంచిలిలో అద్దె కారు నడిపేవాడు.

ఒక ఎండాకాలం, పలాస ఇంకా రాకముందే, జీడితోటల మధ్య కారు వేడెక్కి పొగలు కక్కింది. మావయ్య పక్కకు తీసి ఇంజను ఆపి, బానెట్ లేపి, దూరంగా వచ్చి నిలబడ్డాడు. అంతే, ఇంకేమీ చెయ్యడే! వెనక సీట్లో నాన్న కాళ్ళు వాచిపోయి ఆయాసపడుతున్నాడు. వేళ దాటితే ఆసుపత్రిలో మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. రేడియేటర్ మూత తీసి నీళ్ళు పోసెయ్యమని అమ్మ బతిమాలింది. మావయ్య చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. ఒకసారి తొందరపడి వేడి మీద మూత తీశాడట, మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది.

“లోపల మరగతంది సెల్లీ. ఇప్పుడు తీత్తే మొఖం మీదకి సిమ్ముతాది. నా సేతులు కాలిపోతే బావని ఎవులు తీసికెల్తారు?” అన్నాడు.

అమ్మ మొహం తిప్పుకుంది. నాకూ ఒళ్ళు మండింది. నాన్న ప్రాణం కంటే ఈయనకు ఇంజనెక్కువా అనుకున్నాను.

తోట రైతు ఒకాయన మమ్మల్ని చూసి, పాపం, బోరు దగ్గర నుంచి బకెట్టుతో నీళ్ళు మోసుకొచ్చాడు. మావయ్య దండం పెట్టి వద్దన్నాడు. ఇక్కడి బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్లో తెల్లగా పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయట. అందుకే ఇంజను చల్లబరిచే కూలెంటు కలిపిన నీళ్ళ డబ్బా ఎప్పుడూ వెంట ఉంచుకునేవాడు. తెచ్చిన నీళ్ళు ఎందుకు పారబొయ్యడమని రైతు చెంబు ముంచి నాకిచ్చాడు. మండుటెండ కదా, గటగటా తాగేశాను. తలెత్తితే నాన్న నన్నే చూస్తున్నాడు.

“ఇంజనుకి పడని నీళ్లు పిల్ల తాగతంది బావా,” అన్నాడు నాన్న, మావయ్యతో.

రైతు తన బకెట్టు వైపు చూసుకున్నాడు. ఆయన ఇంట్లో అందరూ రోజూ తాగేవీ అవే.

చాలాసేపటికి మావయ్య ఇంజను చేత్తో తాకి చూశాడు. చల్లారాక మందపాటి గుడ్డ మడిచి మూత మీద వేసి, మొహం పక్కకు పెట్టి, కొంచెం తిప్పి ఆగాడు. మిగిలిన ఆవిరి బుస్సుమని పోయాక మూత తీసి, డబ్బాలోది మెల్లగా పోశాడు. అది గుటకలు వేసినట్టు లోపలికి దిగుతుంటే నాన్న కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ రోజు మిషను దొరికింది. మళ్ళీ వానలు పడకముందే నాన్న పోయాడు.

ఇప్పుడు నాకూ కారుంది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే, కూలెంటు దాని ట్యాంకు మీది రెండు గీతల మధ్య ఉందో లేదో చూసుకుంటాను. దారిలో వేడెక్కితే, ఎంత పనున్నా సరే, దూరంగా నిలబడతాను. మావయ్య నేర్పిన ఆ ఓపిక నాకు బాగా వంటబట్టింది. ఒక్క చోటే పనికిరాదు. ఏడాదికోసారి కిడ్నీల కోసం రక్తపరీక్ష చేయించుకుంటాను. ఫలితం తెలిసేదాకా, ఆ రోజు తాగిన చెంబుడు నీళ్ళూ ఇంకా నా కడుపులోనే ఉన్నట్టు, నాన్న ఇంకా నన్నే చూస్తున్నట్టు ఉంటుంది.