శాలువాలో చిమ్మట

మా ఇంట్లో దీపం చుట్టూ తిరిగేదాన్ని దీపపు పురుగు అనేవారు. చిమ్మట అంటే బట్టలు కొరికేది. ఆస్తి తినేసిన చిన్నాయనను కూడా నాయనమ్మ ఆ పేరుతోనే తిట్టేది. తాతగారి కాశ్మీరు శాలువాకు చిమ్మట పట్టకుండా ఏటా పెరట్లో ఎండబెట్టేవారు. ఇప్పుడు మాకు పెరడు లేదు. కాడుగోడిలో అద్దె ఇల్లు, అందరికీ ఒకటే మిద్దె.

"మిద్దె మింద ఆరేద్దామా?" అని నా భార్య ప్రతి ఎండాకాలం అడిగేది.

"పక్కింటోళ్ల లుంగీల మధ్యనా? మా తాత శాలువానా?" అనేవాణ్ణి.

ఆ శాలువా కప్పుకునే మా ఇంటి పెళ్లికొడుకులు పీటల మీద కూర్చుంటారు. నిన్న మా అబ్బాయి పెళ్లికి హొసకోటె బయలుదేరే ముందు పెట్టె తెరిచాను. శాలువా విప్పగానే చిన్న చిమ్మట ఒకటి ఎగిరింది. గుడ్డ నిండా చిల్లులు.

"చిల్లులు లోపలికి పోయేట్టు మడతెయ్యప్పా, కనపడవు," అన్నాడు అబ్బాయి.

మడిచాను. పైకి ఇంకో చిల్లు వచ్చింది. తిప్పి మడిచాను. అక్కడా ఉంది.

"పక్కింటోళ్ల లుంగీలకి ఒక్క చిల్లన్నా ఉండాదేమో చూడు," అంది నా భార్య.

కింద కారు హారన్ కొడుతూనే ఉంది. నేను శాలువా మొత్తం విప్పి, మళ్లీ మొదటి నుంచి మడవసాగాను.