ఖాజాగూడలో సగం ఇల్లు

2011. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. రేపు బంద్ ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేని రోజులు. హైటెక్ సిటీ చుట్టుపక్కల నేను సినిమాలకు లొకేషన్ మేనేజర్‌ని. అంటే షూటింగుకు చోటు వెతికి, యజమానితో బేరమాడి, యూనిట్ వెళ్లిపోయేదాకా అతను ఎదురు తిరగకుండా చూసుకునేవాణ్ణి. ప్రొద్దుటూరులో కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ణి, బేరం తప్ప వేరే విద్య అబ్బలేదు.

ముంబయి నుంచి ఒక హిందీ యూనిట్ వచ్చింది. యుద్ధం జరుగుతున్న దేశంలో ఇద్దరు విలేకరులు జీపులో ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్లే కథ. బాంబులు పడిన వీధి కావాలన్నారు. ఖాజాగూడ తీసుకెళ్లాను. రోడ్డు వెడల్పు చేయడానికి అక్కడ ఇళ్లను వరసగా సగానికి కోసి వదిలేశారు. గోడల్లేని వంటిళ్లు, ఎక్కడికీ పోని మెట్లు. "యే తో రెడీమేడ్ జంగ్ హై!" అన్నాడు డైరెక్టర్, యుద్ధం తయారుగా దొరికిందని. ఏదో నేనే కట్టించినట్టు పొంగిపోయాను.

ఒక సగం ఇంట్లో మాత్రం మనుషులున్నారు. సత్తెమ్మ, ఆమె పిల్లలు. ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ చేసేది. మిగిలిన ఆ ఒక్క గదినీ త్వరలోనే కూల్చబోతున్నారు.

"కిరాయి ఎంతిమ్మంటావమ్మా?" అన్నాను, ఎంత చెప్పినా సగం కోయడానికి సిద్ధమై.

"పైసలద్దు సారూ. వానలు పోయేదాంక ఆ జేసీబీ రాకుంట జూడుండ్రి. పిల్లల్ని వట్టుకొని యాడికి వోవాలె?"

డబ్బడగని మనిషి దొరికిందని మురిసిపోయి, సరేనని మాటిచ్చాను. పైగా దారీ ఉంది. సినిమాల్లో కంటిన్యుటీ అంటారు: సీన్ పూర్తయ్యేదాకా ఆ చోట ఇటుక కూడా కదలకూడదు. కూల్చే కాంట్రాక్టరుకు అదే చెప్పి, సినిమాలో చెక్‌పోస్టు దగ్గర సిపాయి వేషం ఇప్పిస్తానన్నాను. మీసం దువ్వుకుని జేసీబీని పక్కన పెట్టించాడు.

బంద్‌లు మొదలయ్యాయి. షూటింగ్ జరిగిన రోజులకన్నా ఆగిన రోజులే ఎక్కువ. యూనిట్ అంతా తిట్టుకుంటుంటే సత్తెమ్మ నవ్వేది.

"మీ ఆంధ్రోళ్లకు బంద్ అంటె పరేషాను. నాకైతే బంద్ ఉన్నన్ని దినాలు ఇల్లున్నట్టే."

"నాది ఆంధ్రా కాదమ్మా, సీమ."

"ఏదైతేంది! గోడ నిలవెట్టుండ్రి, సాలు."

నిలబెట్టలేకపోయాను. విసిగిపోయిన నిర్మాత యూనిట్‌ను రాజస్థాన్ పొమ్మన్నాడు. పోయేముందు డైరెక్టర్‌కు బాంబు పడే షాట్ కావాల్సి వచ్చింది. "ఎట్లాగూ కూల్చేదే గద, కెమెరా ముంగటనే కొడ్త," అన్నాడు కాంట్రాక్టరు, సిపాయి చొక్కా విప్పకుండానే. వేరే ఇల్లు చూపిస్తానని డైరెక్టర్‌ను బతిమాలాను. "అందులో మనుషులు బతికినట్టు కనిపిస్తుందా?" అని హిందీలో అడిగాడు. సత్తెమ్మ గోడకు పిల్లల చొక్కాలు ఇంకా వేలాడుతున్నాయి.

ఆ రోజు తుంపర పడుతోంది. సత్తెమ్మ సామాను రోడ్డు మీద పెట్టి ప్లాస్టిక్ పట్టా కప్పింది. జేసీబీ కొట్టింది, గోడ కూలింది, డైరెక్టర్ "ఓకే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె నా దగ్గరికొచ్చింది.

"అన్నీ నాలుగైదుసార్లు తీసిండ్రు గద సారూ. గిదొక్కటే మొదటిసారికే మంచిగొచ్చెనా?"

లేని సరుకు అమ్మకూడదని మా వీధిలో పలక పట్టని పిల్లాడికీ తెలుసు. ఆ గోడ ఏనాడూ నా కొట్లోది కాదు. ఇప్పటికీ లొకేషన్లు చూస్తూనే ఉన్నాను, రూపాయి రూపాయికీ బేరమాడుతూనే ఉన్నాను. ఎవరైనా డబ్బు వద్దంటే మాత్రం, ఇంకేం కావాలో అడక్కుండా బండెక్కి వచ్చేస్తాను.