మనుమరాలున్న బ్యాచిలర్

కరీంనగర్‌లో నేను డిగ్రీ చదివే రోజుల్లో బ్యాచిలర్ అంటే మేడ మీద గది అద్దెకు తీసుకుని, అన్నం మాడ్చుకుంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లగాడు. దుబాయికి పోయాకే ఆ మాటకు అసలు అర్థం తెలిసింది. అక్కడ పెళ్లాన్ని వెంట తెచ్చుకోలేని ప్రతి మగవాడూ బ్యాచిలరే. జీతం ఒక గీత దాటితే భార్యకు వీసా వస్తుంది, మనిషి ఫ్యామిలీ అవుతాడు. గీత కింద ఉంటే, ఊళ్లో అల్లుడూ మనుమరాలూ ఉన్నా సరే, బ్యాచిలర్. నేను రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేశాను. కులాల గురించీ వర్గాల గురించీ పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. రెండు మాటలతో మనుషులను ఇంత శుభ్రంగా చీల్చే విద్య మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మా ఆయన ఒక కంపెనీలో అకౌంటెంటు, కాబట్టి మేము ఫ్యామిలీ. మా అన్న అదే దుబాయిలో స్లాబులకు చెక్కలు కొట్టేవాడు, కాబట్టి బ్యాచిలర్. మా బిల్డింగ్ ఆడవాళ్లు మీ అన్నయ్యగారు ఏం చేస్తుంటారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకావిడ "కన్‌స్ట్రక్షన్ ఫీల్డా అండీ" అంటూ నా మాటను ఇస్త్రీ చేసి మళ్లీ నా చేతిలో పెట్టింది.

వాళ్ల సంగతి సరే. నాకు మింగుడు పడనిది మా అన్న మారిన తీరు. మా ఊరు మెట్‌పల్లిలో ఉన్నప్పుడు ఒక్క తిట్టయినా కలపకుండా నాతో మాట్లాడిన మనిషి కాదు. దుబాయిలో ఫోన్ చేస్తే, మంచిగున్నవా చెల్లే, బావ మంచిగున్నడా, పైలం, అంతే. ఒకసారి మా ఆయన కారులో ఎక్కించుకుని ఇంటికి తెస్తే సోఫా అంచున కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి, మంచిగున్నయ్ అన్నాడు. నీళ్లు మంచిగున్నాయట! సొంత అన్న నా కళ్ల ముందే పరాయివాడైపోతున్నాడు, అదీ మర్యాదగా. మర్యాదతో ఎట్లా కొట్లాడాలో నాకు తెలియలేదు.

ఆ ఏడు రాఖీ పున్నమి సెలవు రోజున పడింది. మా దిక్కు రాఖీ అంటే మాటలు కాదు. ఆ పొద్దు బస్టాండులో కిటికీలోంచి పిల్లలను లోపలికి తోసి సీటు పట్టే ఆడవాళ్లను చూస్తే తెలుస్తుంది. అన్న వస్తానన్నాడు. గారెలు చేశాను, సేమియా వండాను. పొద్దు తిరిగాక ఫోన్ వచ్చింది. పని పడింది, రాలేకపోయాను, ఎప్పుడన్నా ఊరికి పోయినప్పుడు కడుదువులే అన్నాడు. సెలవునాడు ఏం పని?

కిందికి దిగితే వాచ్‌మన్ ఒక సంచి ఇచ్చాడు. లోపల మిఠాయి డబ్బా, చీర. అన్న వచ్చాడట. ఇది ఫ్యామిలీ బిల్డింగ్, బ్యాచిలర్లకు ప్రవేశం లేదని బోర్డు చూపించి వాచ్‌మనే ఆపాడట. పైకి ఫోన్ చేసి అడుగుతానంటే, వద్దు, గొడవ వద్దు అని ఇది ఇచ్చి వెళ్లిపోయాడట. నేను మా దక్కనీ ఉర్దూలో అందుకున్నాను. అతనికి పెళ్లాం ఉంది, పిల్లలున్నారు, మనుమరాలుంది, ఇంకా ఎంతమంది ఉంటే మీ లెక్కలో మనిషవుతాడని అడిగాను. అంతా విని వాచ్‌మన్ నెమ్మదిగా చెప్పాడు: తనకూ ముగ్గురు పిల్లలు, తనూ బ్యాచిలరే, పగలంతా కాపలా కాసే ఈ బిల్డింగ్‌లో రాత్రి పడుకునే హక్కు తనకూ లేదు. పైకి వచ్చి రాఖీ, బొట్టు, గారెలు సర్దుకున్నాను.

అన్న ఉండే లేబర్ క్యాంపుకు పోదాం పద అన్నాను మా ఆయనతో. అక్కడికి ఆడవాళ్లు పోరని ఆయన గొణిగాడు గానీ, తాళాలు తీసుకున్నాడు.

ఊరు అయిపోయాక ఇసుక, ఇసుక అయిపోయాక క్యాంపులు. నాలుగంతస్తుల మేడలు వరసగా, ప్రతి వసారాకూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆరేసిన నీలం డ్రెస్సులు. అన్ని బట్టలు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. మేము తిరిగే రోడ్లూ, తల వెనక్కి వంచి చూసే ఆ పొడుగు మేడలూ అన్నీ ఈ బట్టలు కట్టినవే కదా అనుకున్నాను.

గేటు దగ్గర గార్డు, ఆడవాళ్లు లోపలికి రాకూడదన్నాడు. కబురు పోయింది. అన్న లుంగీ మీద వచ్చి, నన్ను చూసి, వెనక్కి పరుగెత్తి చొక్కా తొడుక్కుని తల దువ్వుకుని వచ్చాడు. వచ్చి గేటు లోపలే నిలబడ్డాడు.

"ఎందుకచ్చినవ్ చెల్లే ఇంత దూరం? బావకు తక్లీఫ్. ఇది నీ అసొంటోళ్లు వచ్చే జాగ గాదు."

అంతే, నాకు తిక్క లేచింది.

"నా అసొంటోళ్లా? నేనెవల్ని, కలెక్టరమ్మనా? నీ తెలివి తెల్లారిపోను! బోర్డు రాసినోడు నీకు తోడవుట్టినోడా, వాడు రావద్దంటే మల్లిపోయినవ్? మొన్ననే ఊరికి పోయి మనుమరాలికి పుట్టెంటికలు తీస్తివి, బ్యాచిలరంటే సప్పుడు జేయక తలకాయ ఊపి వస్తవా? వదినె ఇన్నదంటే చీపురుకట్ట తిరగేస్తది."

ఇంకా చాలా అన్నాను. అనేకొద్దీ వసారాల్లో తలలు లేచాయి. మా దిక్కువాళ్లంతా మెట్లు దిగి వచ్చి అన్న వెనక నిలబడ్డారు. పదిమంది, యాభైమంది, ఆ తర్వాత లెక్క నాకు అందలేదు. ఒక్కరూ నవ్వలేదు. ఒగ్గు కథకు కూర్చున్నవాళ్లలా చెవులప్పగించి విన్నారు. ఊపిరి కోసం ఆగాను.

"ఆపినవేంది చెల్లే," అన్నాడు నెరసిన మీసాలాయన ఒకడు. "ఇంకింత సేపు తిట్టరాదు."

ఎగతాళి అనుకుని అతని మీదికి తిరిగాను. మొహంలో ఎగతాళి లేదు.

"ఫోన్ల ఎవ్వలు తిట్టరు. ఇంటిది గూడ మంచిగనే మాట్లాడతది, సుట్టంతోని మాట్లాడినట్టు. మా ఊరి తిట్టు ఇనక ఎన్నొద్దులాయెనో."

అప్పుడు తెలిసింది నాకు. దూరాన ఉన్నాడు, మనసు కష్టపెట్టొద్దు అని ఇళ్లలో వాళ్లంతా ఈ మగవాళ్లతో తియ్యగా మాట్లాడుతున్నారు. ఆ తీపి తిని తిని వీళ్లు సొంత ఇంటికే చుట్టాలైపోయారు. అంతమంది మగవాళ్లు ఒక ఆడమనిషి నోటి దురుసు కోసం గేటుకు ఆనుకుని నిలబడటం ఎక్కడన్నా ఉందా? నేను చూశాను. ఇప్పటికీ చెబితే కొందరు నమ్మరు.

నిర్మల్ దిక్కువాడు, మరాఠీ కలిసిన మాటతో, తాయీ, నన్ను గూడ తిట్టు అక్కా అన్నాడు. హుజూరాబాద్ సాయబు, ఆపా, నన్ను మర్చిపోకు అన్నాడు. బీడీలు తాగుతున్నందుకు ఒకణ్ణి తిట్టాను. అవ్వకు ఫోన్ చేయనందుకు ఒకణ్ణి తిట్టాను. ఒకడు ఏ తప్పూ చెప్పలేకపోతే, నెత్తికి నూనె రాయనందుకు తిట్టాను. అతను కళ్లు మూసుకుని తిన్నాడు ఆ తిట్టు.

అన్న అప్పటిదాకా తల వంచుకునే ఉన్నాడు. తర్వాత తనే చిన్న గేటు తీసుకుని బయటకు వచ్చి రోడ్డు అంచున కూర్చుని చెయ్యి చాచాడు. బొట్టు పెట్టాను. రాఖీ కట్టాను. గారె నోట్లో పెడితే నమిలి మింగి, నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ నోరు పాడువడ! క్యాంపంత జమజేసి నా ఇజ్జత్ తీస్తివి గద. గంపంత నోరు నీది, ఎన్ని సదువులు సదివినా సిన్నగ గాలే. గారెల ఉప్పేసినవా అసలు? పాపం బావ, ఎట్ల ఏగుతుండో నీతోని."

గేటు వెనకవాళ్లు మళ్లీ చెవులప్పగించారు. మా ఆయన కారుకు ఆనుకుని తల ఊపుతున్నాడు. గారెలో ఉప్పు సరిగ్గానే ఉంది. కొంగు నడుముకు దోపుకుని నేను జవాబు మొదలుపెట్టాను.