గుట్ట మీద పైడిరాజు మావ కుర్చీ

కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట సరిగ్గా చెవిన పడదు. నేను చెప్పబోయేది ఒక మనిషి చెవుల సంగతి, దగ్గరగా వింటేనే బాగుంటుంది.

నిన్న విజయనగరంలో ఫోను బాగుచేయించుకోవడానికి వెళ్లాను. కొట్టాయన సన్నటి ఇనప మొన వేడిచేసి లోపలి తీగకు టంకం పెట్టాడు. చిన్న పొగ లేచింది, గుగ్గిలం కాలినట్టు వాసన. ఆ వాసన ముక్కుకు తగిలాక నాకు కాళ్లు నిలవలేదు. ఫోను ఆయన చేతిలోనే వదిలేసి రోడ్డు మీదకొచ్చి ఆటోల మధ్య అటూ ఇటూ తిరిగాను. కొట్టాయన పిలుస్తున్నాడు, నాకేమో పైడిరాజు మావ గది కనబడుతోంది.

నెల్లిమర్లలో మా గోడా ఆయన గోడా ఒకటే. జనపనార మిల్లులో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. చుట్టం కాడు. వరస కలిపి నేను మావా అన్నాను, ఆయన రవణా అన్నాడు. ఆయన గదిలో ఎప్పుడూ టంకం వాసన, బల్ల మీద ఒక రేడియో సెట్టు. పాటలొచ్చే రేడియో కాదు, ఇక్కడ బటను నొక్కి మాట్లాడితే ఎక్కడో ఉన్న మనిషి జవాబిచ్చే రేడియో. పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకున్నవాళ్లే అందులో మాట్లాడాలి. తుపానుకి కరెంటూ ఫోన్లూ పోతే కబుర్లు మోసేది ఆ సెట్లేనట. దాని ఏరియల్ తీగ మా మేడ మీదుగా పోయేది. ఒకరోజు తెలియక దాని మీద తడి దుప్పటి ఆరేశాను. మావ మెట్లెక్కి వచ్చి దుప్పటి వంక చూసి, "ఏటే రవణా, కటక్‌లో మనిషి మాటాడతంటే ఆడి నోటికి దుప్పటి కప్పీసినావు" అన్నాడు. నవ్వలేక చచ్చాను. మా స్నేహం అలా మొదలైంది.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కానీ ఒకసారి విన్నది మరిచిపోను. రేడియోలో ఇంగ్లీషు అక్షరం తప్పు పోకుండా అక్షరానికొక మాట చెబుతారు, ఆల్ఫా, బ్రావో అంటూ. మావ కొత్తవాళ్లకు నేర్పుతుంటే గోడ ఇవతల బట్టలుతుకుతూ ఇరవై ఆరూ పట్టేశాను. అంత జ్ఞాపకమున్నా నాకొక జబ్బుండేది. అర్థం కాకపోయినా తల ఊపడం. మందులు ఎలా వేయాలో డాక్టరుగారు చెబుతుంటే ఊపాను, తీరా ఇంటికొచ్చి పొద్దుటి మాత్ర మా అత్తకు పడుకునే ముందు వేశాను. మర్నాడంతా ఆవిడ లేవలేదు, నేను కూర్చోలేదు. ఈ సంగతి మావకొక్కడికే చెప్పాను. ఆయన నన్ను తప్పుపట్టలేదు. తమ రేడియోలో "అందింది" అనే మాట ఒట్టు లాంటిదనీ, ఒక్క ముక్క వినపడకపోయినా ఆ మాట అనకూడదనీ మాత్రం చెప్పాడు.

ఆ రేడియోవాళ్ల క్లబ్బు ఒకటుంది, వాళ్లు ఏడాదికోసారి ఊరు దాటి ఒక గుట్టెక్కేవారు. శనాదివారాలు రెండు రోజులూ బ్యాటరీలతో సెట్టు నడిపి, వెదురు బొంగులకు ఏరియల్ కట్టి, దూరదూరాల వాళ్లను పలకరించేవారు. ఎవరైనా వచ్చి చూడవచ్చు, నేర్చుకోవచ్చు. ఆదివారం పొద్దున్న ఎచ్చెర్ల వైపు మరో గుట్ట మీదున్న జట్టు ఒక కబురు చదువుతుంది. తుపాను వచ్చినట్టే ఊహించుకుని, షెల్టరులో ఎందరున్నారు, ఏ మందులు కావాలి అని. ఇటువైపు కుర్చీలో కూర్చుని దాన్ని రాసుకునేది ఎప్పుడూ పైడిరాజు మావే. ఆ ఏడు వంట చేయడానికి నన్ను కూడా తీసుకెళ్లాడు.

శనివారం పొయ్యి దగ్గర నుంచి ఆయన్నే చూస్తున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలు ఏదో అడిగితే నవ్వి తల ఊపుతున్నాడు. సెట్టులోంచి గొంతు వస్తే కుడి చెవి అటు తిప్పుతున్నాడు, మళ్లీ ఊపుతున్నాడు. గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. ఆ ఊపు నాదే. అది పుట్టి పెరిగింది నా మెడ మీదే, నేను గుర్తుపట్టనా? మధ్యాహ్నం ఆయన ఒక్కడూ బొంగు తాడు బిగిస్తుంటే దగ్గరకెళ్లాను.

"మావా, నీకు ఇనపడతన్నాదా?"

వినపడనట్టే తాడు బిగించాడు. ఈసారి చెవి దగ్గర అడిగాను. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "రెండేళ్లయినాది. ఎవులికైనా తెలిస్తే రేపు కుర్చీ ఇంకొకడికి ఇచ్చీస్తారు. అందులో కూకోకపోతే నాకింకేటి ఉన్నాది, సెప్పు?"

 ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఒక దొంగ ఏర్పాటు చేసుకున్నాం. రెండో హెడ్‌ఫోను నేను పెట్టుకోవాలి. ఆయన తన హెడ్‌ఫోను ఒక చెవి మీద నుంచి జరిపి ఉంచుకుంటాడు. నేను విన్నది విన్నట్టు ఆ చెవిలో చెప్పాలి. నేనక్కడ ఎందుకని ఎవరైనా అడిగితే, రవణ జ్ఞాపకశక్తి ఎంతో చూడ్డానికని చెబుదామన్నాడు. సరేనన్నాను.

ఆదివారం తెల్లారేసరికి గాలి పెద్దదైంది. గుట్ట మీద గుడారం గుడ్డ కొట్టుకుంటోంది, బొంగులు ఊగుతున్నాయి, ఒక చోట నిలబడ్డ మనిషి లేడు. మావ కుర్చీలో, పక్కన స్టూలు మీద నేను, వెనకాల కొత్తవాళ్లంతా. ఎచ్చెర్ల వైపు గొంతు మొదలైంది. నేను విని చెవిలో చెబుతున్నాను, ఆయన రాస్తున్నాడు. సగం దాకా బాగానే సాగింది. ఇంతలో గాలికి ఏరియల్ కొట్టుకుని సెట్టులో ఒకటే హోరు. ఆ హోరు కింద మాటలు మునిగిపోయాయి. తేలేసరికి అటు మనిషి చివరికి వచ్చేశాడు. "అందిందా?" అని అడిగాడు.

మావ నా వంక చూశాడు. ఏం చెప్పమంటారు, నా తల ఊగింది.

ఆయన వేలు బటను మీదకు వెళ్లింది. ఇప్పుడైనా చెప్పు రవణా అని లోపల అరుస్తున్నాను, నోరు పెగలడం లేదు. ఆయన చూపు మాత్రం నా మీద నుంచి కదల్లేదు. నిన్న ఆయన తల ఊపులో నేను చూసింది, ఇప్పుడు నా ఊపులో ఆయనకు కనబడింది. బటను నొక్కాడు.

"నేదు బాబూ, అందనేదు. నా సెవులు రెండేళ్లనుంచి మందగించీనాయి, ఎవులికీ సెప్పనేదు. పక్కనున్నామె సెవులతో ఇంటన్నాను. ఆమెకీ మధ్యలో పోయింది. మొదట్నుంచీ సెప్పు, నిదానంగా."

   అటువైపు గొంతు, "అలాగే పెద్దాయనా, రాసుకోండి" అంది. రెండోసారి కూడా మధ్యలో పోయింది. ఈసారి మావ అడగక ముందే నేను అడ్డంగా తల తిప్పాను. మూడోసారి పూర్తిగా వచ్చింది. నేను చెప్పాను, ఆయన రాశాడు, రాసింది తిరిగి చదివి వినిపించాడు, అప్పుడు "అందింది" అన్నాడు.

హెడ్‌ఫోను తీసి, వెనకనున్న స్రవంతి అనే డిగ్రీ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల అంతకుముందే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంది, మైకు పట్టుకోవడానికి మాత్రం బెదిరేది. క్లబ్బు సెక్రటరీ వచ్చి మీరే కూర్చోండి అని బతిమాలినా వినలేదు. అక్కడి నుంచి ఆయనకు కాలు నిలిస్తే ఒట్టు. బిగిసి ఉన్న తాడే మళ్లీ బిగించాడు. గుడారం చుట్టూ తిరిగాడు. నా పొయ్యి దగ్గరకొచ్చి గిన్నె మూత తీసి, చూసి, పెట్టి, ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అడిగాడు.

"కూకో మావా" అన్నాను.

"కూకోడానికి సోటు నేదే" అన్నాడు.

చుట్టూ నాలుగు స్టూళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ మాటకు నేను పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ ఉండిపోయాను. నేను గబుక్కున తల ఊపకుండా ఉంటే ఆయన ఆ కుర్చీలో ఇంకో ఏడాది ఉండేవాడేమో. ఉండి ఏ రోజు ఏ నిజం తుపానులో ఎవరి మందు పేరు పోగొట్టేవాడో. రెండూ ఆలోచిస్తాను, ఏదీ తెగదు.

ఆ తరవాత ఆయన మరో రెండేళ్లు గుట్టెక్కాడు. కుర్చీ వైపు వెళ్లలేదు. వచ్చిన కొత్తవాళ్లకు మొట్టమొదట నేర్పింది ఒక్కటే, అందలేదు అని ఎలా చెప్పాలో. సిగ్గుపడి గొణిగితే గట్టిగా అనమనేవాడు. పోయి ఇప్పటికి మూడేళ్లు.

నాకు మిగిలింది ఆ ఒక్క మాట. మొన్న మనవరాలి బడిలో తల్లిదండ్రులను పిలిచి టీచరమ్మ ఏదో గబగబా చెప్పేసింది. అందరూ ఆఁ ఆఁ అంటున్నారు. నేను లేచి, అమ్మా నాకు అందలేదు, మళ్లీ చెప్పండి అన్నాను. అనేటప్పుడు గుండె దడదడలాడింది. ఇన్నేళ్లయినా ఆ దడ తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. దడతోనే అడుగుతాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి పొయ్యి చల్లారకుండా, మీ గడప పచ్చగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా అందలేదంటే విసుక్కోకుండా మళ్లీ చెప్పే గొంతు ఒకటి ఎప్పుడూ ఉండాలి.