చేమదుంప రంగు మూత

గ్వెషాన్ ఊళ్లో, కార్ఖానాల వీధిలో పావోల్యెన్ అనే ఆవిడ నడిపే టిఫిన్ కొట్టుకి వచ్చే ప్రతి ఆడమనిషీ సుందరే, ప్రతి మగాడూ అందగాడే. అలా పిలిస్తే పేర్లు గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుందని పావోల్యెన్ ఉద్దేశం. యాభై తొమ్మిదేళ్ల షీ సూచింగ్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కొట్లో సుందరిగానే చలామణి అవుతోంది.

సూచింగ్ ల్యాప్‌టాప్‌ల మూతలకు రంగు పట్టించే కార్ఖానాలో పనిచేస్తుంది. అల్యూమినియం రేకును ఆమ్లంలో ముంచి, కరెంటు పారించి, రంగు తొట్టిలోకి దించుతారు. ఎంతసేపటికి పైకి తీయాలో మీటర్లు చెబుతాయి. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో సూచింగ్ చెబుతుంది. అందరికీ ఒకేలా కనిపించే వెండి రంగులో ఆమె ఏడు రకాలు చూస్తుంది. పెళ్లి చేసుకుంది, నాలుగేళ్లకే విడిపోయింది. ఎందుకని అడిగితే "రంగు కుదరలేదు" అని ఊరుకుంటుంది.

ఆ కార్ఖానాలో చేరినవాళ్లంతా లోపలి సంగతులు బయట చెప్పబోమని కాగితం మీద సంతకం పెట్టాలి. సరుకుకి పేరుండదు, అంకె ఉంటుంది. మూత చేసేవాళ్లకు లోపలి సంగతి తెలియదు, లోపల బిగించేవాళ్లకు మూత సంగతి తెలియదు. అన్నీ తెలిసినవాడు ఒక్క లియావే. ఫోన్లు బాగుచేసే తన కొట్టు ఎప్పుడో మూసేసి, రోజూ పావోల్యెన్ దగ్గర ముల్లంగి బిళ్లలు తింటూ, రాబోయే ల్యాప్‌టాప్‌ల గురించి లోకంలో ఎవడేం ఊహించినా చదివి వినిపిస్తాడు. ఈసారి మెగ్నీషియం మూతట, ఈసారి మడత తెరట, చవక రకం తీసేస్తారట. పదిట్లో తొమ్మిది తప్పుతాయి. ఆ పదోది కూడా అతను మొదట కాదన్నదే అయ్యుంటుంది.

"నువ్వు లోపలి మనిషివి. మెగ్నీషియం నిజమేనా సూచింగ్?" అని అడుగుతాడు.

"నాకేం తెలుసన్నా" అంటుంది సూచింగ్. ముప్ఫై ఏళ్లుగా అదే ప్రశ్న, అదే జవాబు.

ఆమె కడుపులో దాచుకున్నది మాత్రం వేరే ఉంది. పదకొండేళ్ల క్రితం ఓ తుఫాను రోజు ఊరంతా సెలవు పుచ్చుకుంటే వీళ్ల షిఫ్టు మాత్రం నడిచింది. రేకులు తొట్టిలో ఉండగా కరెంటు పోయింది. పైకి తీసేసరికి వాటికి ఓ వింత రంగు పట్టింది. ఊదా అనలేం, బూడిద అనలేం. లోపల ఊదా చారలుండే అక్కడి చేమదుంపని ఉడికించి మెదిపితే వచ్చే రంగు. ఆ రేకుల్ని పారేయమన్నారు. పారేసింది కానీ మనసు ఊరుకోలేదు. ఏడాది పాటు మధ్యాహ్నం భోజనం మానుకుని, కరెంటు ఉండగానే ఆ రంగు మళ్లీ రప్పించింది. యంత్రాలు బుద్ధిగా నడుస్తాయన్న నమ్మకంతో అక్కడివాళ్లు మీటర్ల పెట్టె మీద పెట్టే పచ్చ రంగు చిరుతిండి పొట్లం ఆ ఏడాది నెలకోసారి మార్చింది.

అప్పటినుంచి ఏటా కొనుగోలుదారుకి పంపే ఆరు చిన్న నమూనా రేకుల్లో అదీ ఒకటి. ఏటా అది తిరిగొస్తుంది. వాళ్లు ఒప్పుకునేది వెండి, బూడిద, నలుపు, మళ్లీ వెండి. తిరిగొచ్చినవి బయట ఎవరి చేతిలోనూ పడకుండా, కుడి మూల చిల్లు పొడిచి తుక్కు పెట్టెలో వేయాలి. మొదటి ఏడాది తిరిగొచ్చిన రేకుకి సూచింగే చిల్లు పొడిచింది. పొడిచేటప్పుడు రేకు పక్కకి జారి చిల్లు వంకర పోయింది, అంచున చిన్న గాటు పడింది. దాన్ని పెట్టెలో వేయలేక తన స్కూటర్ తాళంచెవికి తగిలించుకుంది. ఆమె జీవితంలో చేసిన దొంగతనం అదొక్కటే.

ఈ జూన్‌తో ఆమె ఉద్యోగం అయిపోతుంది. ఒక్కసారైనా ఆ రంగు మూత ఎవరి ఒళ్లోనైనా తెరుచుకుంటే చూడాలని ఆమె కోరిక.

ఫిబ్రవరిలో వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు ముగిసి కొట్టు తెరిచిన రోజునే లియావ్ ఫోను ఊపుకుంటూ వచ్చాడు.

"సూచింగ్, ఈసారి వెండి కాదంట. చూడిది."

ఎవరో ఊహించి గీసిన బొమ్మ. సన్నటి ల్యాప్‌టాప్, మూత చేమదుంప రంగు. సూచింగ్ చేతిలో సోయా పాలు తొణికి బల్ల మీద పడ్డాయి.

"ఎవరు చెప్పారంట?"

"ఎవడో లోపలివాడే బయటపెట్టాడంటున్నారు. ఈ మూల చిల్లు చూశావా? కొత్త రకం కెమెరా అంటున్నారు. కాదు, చార్జింగు దీపం అని ఇంకోళ్లు. కొట్టుకు చస్తున్నారు."

"నువ్వేమంటావు?"

"కెమెరానే. అనుభవం మీద చెబుతున్నా."

"అయితే కచ్చితంగా కాదు" అంది పొయ్యి దగ్గర్నుంచి పావోల్యెన్.

సూచింగ్ నవ్వలేదు. శరత్కాలంలో పంపిన నమూనాల్లో దేన్ని ఒప్పుకున్నారో పైవాళ్లు ఆమెకు చెప్పలేదు. ఆర్డరు మరో ఊరి కార్ఖానాకు పోయి ఉండొచ్చు. అయినా ఫరవాలేదు, రంగు వస్తే చాలు. ఏడు వెండిలు వేరుచేసే కన్ను ఆ చిల్లు దగ్గర మాత్రం మొద్దుబారింది. అంతగా కోరుకుంది మరి. ఇన్నాళ్లూ పుకార్లని తీసిపారేసిన మనిషి, ఇప్పుడు లియావ్ కంటే ముందొచ్చి కూర్చుంటోంది. మూడు నెలలు అలాగే గడిచాయి.

మే నెల చివర్లో ఓ పొద్దున లియావ్ వస్తూనే "దొరికింది సూచింగ్" అన్నాడు. "ఈ గోలంతా మొదలుపెట్టిన అసలు ఫోటో. మన గ్వెషాన్‌లోనే ఏదో టిఫిన్ కొట్లో, బల్ల మీద ఉంటే ఎవడో తీశాడంట."

సూచింగ్ ఫోను అందుకుంది. గులాబీ రంగు బల్ల, పసుపు పట్టీ అతికించిన పగులు, పక్కన సోయా సాసు చుక్కలు. మధ్యలో చిన్న రేకు, కుడి మూల వంకర చిల్లు, అంచున గాటు. ఆమె తల దించి తన ముందున్న బల్ల చూసింది. అదే పసుపు పట్టీ మీద ఆమె మోచెయ్యి ఆని ఉంది.

లియావ్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నా, ఒక్కసారైనా నోరు విప్పావా? పోనీ రంగు సంగతి వద్దులే. ఆ చిల్లు దేనికో చెప్పు, చాలు."

"వద్దన్నవాటికి పొడుస్తామన్నా" అంది సూచింగ్.

లియావ్ నవ్వబోయాడు. అప్పుడు బల్ల మీద ఆమె తాళంచెవికున్న రేకు కనబడింది. దాన్ని చూశాడు, ఫోను చూశాడు. కాసేపు ముల్లంగి బిళ్లని చాప్‌స్టిక్స్‌తో అటూ ఇటూ జరిపాడు. సూచింగ్ కళ్లు తుడుచుకోవడం చూసి పావోల్యెన్ కూడా సుందరీ అనలేదు.

"ఇది చేసింది నువ్వా?" అన్నాడు చివరికి.

ఆమె తలూపింది.

లియావ్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఫోటో కింద జనం ఏం రాశారో నువ్వు చూళ్లేదుగా. కావోషుంగ్‌లో ఎవరో అమ్మాయి, తన పాతదాని తెర పగిలిపోయిందంట. ఈ రంగు వచ్చేదాకా కొత్తది కొననంటోంది. ఇతనెవడో పోలండ్ వాడు. దీని పేరేంటని అడుగుతున్నాడు."

"చేమదుంప."

"రాసెయ్యనా?"

"వద్దు. సంతకం పెట్టాను."

"ఇలాంటివి నాలుగు వేలకి పైగా ఉన్నాయి సూచింగ్. అందరూ ఎదురుచూస్తామనే."

షిఫ్టు మొదలైందని కార్ఖానా గంట మోగింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ గంట సూచింగ్‌కి బయటినుంచి వినబడటం అదే మొదలు. పావోల్యెన్ వచ్చి చల్లారిపోయిన సోయా పాలు తీసేసి వేడివి పెట్టింది.

"ఇంకోటి చదువన్నా" అంది సూచింగ్.