వదినె ఎక్కిన బండ

మొన్న మంగళవారం పొద్దున మా అన్న కొడుకు ఫోన్ చేసి "అత్తా, అవ్వ పోయింది" అన్నడు. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీల కూర్చున్నదట. మళ్లా లేవలేదట. తల్లి పోయిందని వాడు ఏడుస్తుంటే నేనే ఓదార్చిన. ఫోన్ పెట్టేసినంక నా మనసుల మొదట కలిగింది దుఃఖం కాదు. ఇంత సులువుగ పోయే అదృష్టం కూడ ఆమెకే దక్కిందా అనుకున్న. సిగ్గుపడుకుంటనే చెప్తున్న. మా వదినె మీద నాకున్న కుళ్లుకు అరవై ఏండ్లు దాటినయి. ఆమె పోయినంత మాత్రాన ఒక్క పూటల పోతదా?

మేం బెల్లంపల్లిల బొగ్గుబాయి క్వార్టర్లల్ల ఉండేటోళ్లం. బాపు, అన్న ఇద్దరిదీ బాయి పనే. ఆంధ్రప్రదేశ్ కొత్తగ అయిన రోజులు. నాకు పదహారేండ్లు. మా లైన్లనే ఉండే రాహేలు, శాంత నా దోస్తులు. క్రిస్మస్ వచ్చిందంటే మా ముగ్గురికి ఒక పని ఉండేది. క్వార్టర్ల వెనక గుట్ట, గుట్ట నెత్తిన నిలువుగ లేచిన ఒక పెద్ద బండ. వెదురు బద్దలతోటి మనిషంత అయిదు కొనల చుక్క కట్టి, పండుగ ముందురోజు ఆ బండ మీద నిలబెట్టేది. చుక్క మెరవాలె గదా, దానికోసం సిగరెట్ పెట్టెలల్ల ఉండే వెండి కాగితాన్ని ఏడాది పొడుగున ఏరి, గోటితోటి సాపు చేసి, బాపు బైబిల్‌ల దాచేదాన్ని. ఎండ పడితే అది కిందికి కనబడేది. బాయి నుంచి వచ్చేటోళ్లు తలెత్తి చూసి "గా చుక్క ఎవరు పెట్టిన్రే?" అనేటోళ్లు. నా పేరు చెప్పేటోళ్లు. మోకు భుజానేసుకొని ముందు ఎక్కేది నేనే మరి. పైకి పోయి మోకు వదిలితే వాళ్లిద్దరు దాన్ని పట్టుకొని వచ్చేటోళ్లు. ఆ ఒక్కటి నాదనుకున్న.

ఆ ఏడు ఎండకాలం వదినె మా ఇంటికి కోడలై వచ్చింది. హుస్నాబాద్ దిక్కు పిల్ల. వాళ్ల నాయిన బండ కొట్టేటోడు. చిన్నప్పటి నుంచి ఆయనెంట రాళ్ల నడుమనే పెరిగింది. నల్లగ, సన్నగ, ఎప్పుడూ ఏదో ఒకటి చూసి నవ్వుకుంట ఉండేది. వచ్చిన నెలకే బాపు, ఎన్నడూ మారు అడగనోడు, "బిడ్డా, జర గా పచ్చడి ఇంకింత వెయ్యి" అన్నడు. "బిడ్డా" అన్నది నన్ను కాదు. అన్న జీతం రోజు నాకు తెచ్చే గాజులు ఇద్దరి చేతులకు పంపకమైనయి. రాహేలు, శాంత వాకిట్లకొచ్చి నా పేరు పిలిచి, కండ్లతోటి మాత్రం వదినెను వెతికేటోళ్లు. అన్నం ముందు కూర్చొని కంచం పక్కకు జరిపేదాన్ని. మా అవ్వ "జరమొచ్చిందానే?" అని నుదురు పట్టి చూసేది.

క్రిస్మస్ వచ్చింది. చుక్క కట్టినం. రాహేలు ఉండి "వదినె కూడ వస్తదట" అన్నది. అవ్వ ఇంత ఎత్తు లేచింది. "కొత్త కోడలిని గుట్ట ఎక్కిస్తరానే? రేపు వాళ్లోళ్లకు ఏం చెప్పాలె?" వదినె మెల్లగ "అత్తా, నేను నడక నేర్చిందే బండల మీద" అన్నది. అవ్వ నవ్వింది. ఆ నవ్వు కూడ నాకు గుచ్చుకున్నది.

బండ కిందికి పోయినంక వదినె చెప్పులు విడిచి, కొంగు దోపుకొని, అరచెయ్యి బండకానించి కొంచెంసేపు నిలబడ్డది. "ముందు పలకరించాలె, తర్వాతనే ఎక్కాలె" అన్నది. శాంత అంటది, "ఈసారి వదినెను ముందు ఎక్కనియ్యే." నా భుజం మీది మోకు తీసి ఆమెకిచ్చింది. నన్ను అడగలే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. ఆ బండకు రెండు నిలువులెత్తున మెట్టు లెక్క బయటికొచ్చిన ఒక రాయి ఉండేది. అంతకుముందు ఏడు నేను ఎక్కేటప్పుడు అది కాలి కింద కదిలింది. పక్కకు జరిగి ఎట్లనో పైకి పోయిన. ఎవరికీ చెప్పలే. చెప్తే అవ్వ మళ్లా పోనియ్యదు.

వదినె ఎక్కుతుంది. పిల్లి లెక్క చప్పుడు లేదు. ఆ రాయికి చేతి దూరంల ఉన్నది. కింద అంతా పెద్దపెద్ద రాళ్లు. "వదినె, ఆగు" అంటే చాలు. నోరు తెరిచిన. మాట రాలే. రాలేదనే చాన ఏండ్లు నాకు నేను చెప్పుకున్న. నేనే రానియ్యలే.

ఆమె ఆగింది. తల వంచి మా దిక్కు ఒక్కసారి చూసింది. తర్వాత వేలి కణుపులతోటి ఆ రాయిని కొట్టి, చెవి పెట్టి విన్నది. ఎడమకు జరిగి, సన్నని నెర్రెల కాలి వేళ్లు దూర్చి, పైకి పోయింది. మోకు వదులుకుంట నా పేరు పెట్టి అరిచింది. "పిల్లా, గీ రాయి గుల్లగున్నది. నువ్వు దీని మీద కాలు పెట్టకు!"

నేను ఎట్ల ఎక్కిన్నో నాకే తెల్వదు. పైన ఆమె నా మణికట్టు పట్టి గుంజింది. "వణుకుతున్నవేందే, సలి పెడుతుందా?"

"ఊ" అన్న.

నేను నిలబెట్టిన చుక్క ఏ యేడూ గాలికి రెండు రోజులు ఆగలే. ఆమె చుక్క కాళ్ల చుట్టు రాళ్లు పేర్చి, సందులల్ల చిన్న రాతి పెంకులు బిగించి కొట్టింది. అది ఎండలు ముదిరేదాక కదలలే. బాయి నుంచి వచ్చేటోళ్లు "కోడలు పెట్టిన చుక్క" అన్నరు. నేను చేసిన పనికి సిగ్గుపడాల్సినదాన్ని, ఆ మాటకు ఏడ్చిన.

తర్వాత నాకు కరీంనగర్ సంబంధం కుదిరింది. తొలి కాన్పు కష్టమైతే నలభై రోజులు నా మంచం పక్కన పండుకున్నది వదినెనే. నా బిడ్డ నాకన్న ముందు ఆమె చేతులల్లనే నవ్వింది. అదీ నాకు మంటనే. బాపు ఆఖరి రోజులల్ల నన్ను పక్కన పెట్టుకొని కూడ ఆమెనే పిలిచేటోడు. పిలిస్తే పలికేది గనుక పిలిచేటోడు. ఇది తెలుసుకునేసరికి నా తల నెరిసింది.

పోయినేడు ఆమెను చూడబోయిన. అన్న పోయి చాన రోజులైంది. ఇద్దరమే ఉన్నం. ఉండబట్టలేక అడిగిన. "వదినె, ఆనాడు ఆ రాయి గుల్లదని నీకెట్ల తెలిసింది?"

"రాయిని చూసి కాదు, నిన్ను చూసి" అన్నది. "వాళ్లిద్దరు నన్ను చూస్తున్నరు. నువ్వేమో గా రాయినే చూస్తున్నవ్."

ఇన్నేండ్లు ఆమెకు తెలుసు. ఆనాడు ఒక్క మాట అంటే అన్న నా మొఖం చూసేటోడు కాదు. నాకు పుట్టిల్లు ఉండేదే కాదు.

"అన్నకు ఎందుకు చెప్పలే?"

"చెప్పి ఏం చేస్త? కొత్తగ వచ్చిన ఇల్లు. ఉన్నది ఒక్క ఆడబిడ్డ."

"కోపం రాలేదా?"

"రాకేం! అందుకే నీ పేరు పెట్టి అరిచిన. జర భయపడు అని." నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అంత హాయిగ నేను ఎన్నడూ నవ్వలే. మళ్లా కుళ్లు పుట్టింది.

ఆ సాయంత్రం తల దువ్వమన్నది. భుజం లేస్తలేదట. వాకిట్ల పీట మీద కూర్చున్నది, నేను వెనక మంచం మీద. ముడి విప్పితే జుట్టు నడుం దాకా జారింది. ఎనభై దాటినా నెరిసిందే తప్ప పలచబడలే. నాది ఎలుక తోకంత. "నీకేందమ్మా" అనుకుంట దువ్వెన పెట్టిన. ఎక్కడా చిక్కు తగలలే. పైనుంచి కొసదాక జారి వచ్చింది. "అయ్యిందా?" అన్నది. "ఇంకా లేదు" అన్న. మళ్లా పైనుంచి మొదలుపెట్టిన.