అది తిమ్మిరి కాదు

ఆ రోజు క్లాసు అయిపోయి లేవబోతే రెండు పాదాల్లోనూ చీమలు పాకినట్టు అనిపించింది. నేనేమీ కంగారు పడలేదు. బెంచీ పట్టుకుని నిలబడి, రెండు కాళ్లనూ మార్చి మార్చి నేలకేసి గట్టిగా కొట్టాను. పక్కవాళ్లు తిరిగి చూశారు. బెల్జియంలో క్లాసురూములో ఎవరూ అలా కాళ్లు కొట్టరు కాబోలు.

మా ఇంట్లో మాత్రం అది రోజూ వినబడే చప్పుడు. మాది గద్వాల, చేనేత కుటుంబం. గుంట మగ్గం మీద నేసేవాళ్లకు పొద్దుటి నుంచీ కాళ్లు గుంటలోనే ఉంటాయి. మా నాయిన పైకి రాగానే ముందు కాళ్లు దబదబా నేలకు కొట్టి, తిమ్మిరి వదిలాకే అడుగు వేస్తాడు. ఆ చప్పుడు వినబడితే అమ్మ కంచాలు తీస్తుంది. మాకు తిమ్మిరంటే జబ్బు కాదు, అన్నానికి వేళయిందని అర్థం.

నేను స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేయడానికి లియేజ్ అనే ఊరికి వెళ్లాను. చదువంతా ఫ్రెంచిలోనే. హైదరాబాదులో నేర్చుకున్న నా ఫ్రెంచి అక్కడ రొట్టె కొనడానికి కూడా అంతంతమాత్రంగానే పనికొచ్చింది. ఊళ్లో ఎటు చూసినా గుట్టలే. ముందు మెట్లు కట్టుకుని, మిగిలిన జాగాలో ఇళ్లు కట్టుకున్నారేమో అనిపిస్తుంది. కాళ్లలో చీమలు మొదలవడానికి ముందు వారమే, నా చేతివంటే, సరిగ్గా ఉడకని కోడికూర తిని విరేచనాలతో పడుకున్నాను. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

మర్నాటికి చేతివేళ్లకూ పాకింది. ఫోనులో మాటల మధ్య నాయినకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"గది తిమ్మిరే బిడ్డా. ఆడ చలి గద. కాళ్లు జర గట్టిగ కొట్టు, పోతది."

కొట్టాను. రోజూ కొట్టాను. కాళ్లు మాత్రం నావి కానట్టు అవుతూ వచ్చాయి. ఒక సాయంత్రం గది ముందు నిలబడితే తాళంచెవి తిప్పడానికి వేళ్లు రాలేదు. అక్కడే కూలబడ్డాను. మళ్లీ లేవలేకపోయాను. పక్కగదిలో ఉండే అమినాటా, సెనెగల్ నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్, నన్ను అక్షరాలా మోసుకుని కిందికి దింపింది. ఎమర్జెన్సీలో ఎవరో అలసట కావచ్చు అంటే వాళ్లతో గొడవ పెట్టుకుంది. ఆమె గొంతు పెద్దది. ఆ రోజు అది నాకు చాలా ఉపకారం చేసింది.

డాక్టరమ్మ నా మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది. కాలు కదలలేదు. మళ్లీ కొట్టింది. మర్యాదకు పెట్టుకున్న నవ్వు ఆమె ముఖంలోంచి పోయింది. "కాళ్లలో చీమలా?" అని అడిగింది. ఫ్రెంచిలోనూ అలాగే అంటారట. ఆ ఒక్క మాటకు అమినాటా నాకు విడమర్చి చెప్పనవసరం లేకపోయింది.

లంబార్ పంక్చర్ అని, వెన్నులోకి సూది గుచ్చి నీరు తీశారు. నరాలకు కరెంటు పెట్టి చూశారు. గులియాన్-బారే సిండ్రోమ్ అని తేల్చారు. కడుపులో ఇన్ఫెక్షన్ మీద పోరాడడానికి తయారైన యాంటీబాడీలే పొరపాటున నరాల మీద పడ్డాయని వివరించారు. "ఇది కిందినుంచి పైకి పాకుతుంది. నా భయం నీ కాళ్ల గురించి కాదు, నీ ఊపిరి గురించి" అంది డాక్టరమ్మ.

అందుకే ఐసీయూలో పెట్టారు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో పూటపూటకూ చూసేవాళ్లు. ఏ భాషలోనైనా పర్లేదన్నారు, తెలుగులోనే లెక్కపెట్టాను. నర్సులకు మన అంకెలు వచ్చేశాయి. మొదట్లో ముప్పై దాటేదాన్ని. తర్వాత ఇరవై అందడం కూడా గగనమైపోయింది.

దారి తప్పిన ఆ యాంటీబాడీలను అణిచే ఐవీఐజీ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టగానే తగ్గిపోతుందనుకున్నాను. తగ్గకపోగా ముఖానికి పాకింది. కళ్లు మూతపడకపోతే నిద్రపోయే వేళకు టేపు అంటించేవాళ్లు. నీళ్లు పొలమారుతుంటే ముక్కులోంచి గొట్టం వేశారు. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కన సిద్ధంగా పెట్టారు. దాన్ని చూసి భయపడ్డాను. నోట్లోకి గొట్టం వేస్తే ఆ కాస్త మాట కూడా పోతుంది, గద్వాల అన్న పేరే విననివాళ్ల మధ్య నోరు లేకుండా ఎలా పడి ఉండాలి? ఏడుపొచ్చింది. తుడుచుకుందామంటే చేయి లేవలేదు.

నాయినకు పాస్‌పోర్టు లేదు, రావడం కుదరలేదు. అమినాటా ఫోను పట్టుకుంటే వీడియోలో అమ్మ మాట్లాడేది. నాయిన కనబడేవాడు కాదు. మగ్గం మీద కూర్చోవడం మానేశాడని అమ్మ చెప్పింది. నేను పట్టుబడితే ఒకరోజు తెర ముందుకు వచ్చాడు.

"నేనే గట్ల కొట్టుమన్న బిడ్డా. దవాఖానకు పో అననైతి."

ఆ తర్వాత, కాళ్లు కొట్టడం వల్లే ఇంత అయిందా అని అమినాటా చేత డాక్టరమ్మను అడిగించాను. ముందే వస్తే మందు ముందే మొదలయ్యేదని, అయినా జబ్బు ఇంతవరకూ వచ్చేదో కాదో ఎవరూ చెప్పలేరని, కాళ్లు కొట్టడం వల్ల మాత్రం ఏ చెడూ జరగలేదని ఆమె అంది. అమ్మ ద్వారా ఆ మాట చేరవేశాను. నాయిన నమ్మలేదు.

లెక్క తగ్గడం ఆగింది. ఒక ఉదయం రెండు అంకెలు ఎక్కువ చెప్పాను. నర్సు చప్పట్లు కొట్టింది. వెంటిలేటర్‌ను తోసుకుంటూ తీసుకెళ్లిపోయారు. అంత అందమైన దృశ్యం నేను యూరపులో ఇంకొకటి చూడలేదు.

తర్వాత నెలల తరబడి రీహాబిలిటేషన్ సెంటర్. నడక మెల్లగా వచ్చింది, వేళ్లు రాలేదు. చేతులకు వ్యాయామం చేయించే సోఫీ చెక్క మేకులను బెజ్జాల్లో పెట్టమనేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు మేకులన్నీ కింద పడేశాను. ఆమె కోప్పడకుండా, నీ చేతులకు బాగా అలవాటైన పని ఏదని అడిగింది. అచ్చు అతకడం అన్నాను. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాతవాటికి మెలిపెట్టి అతుకుతారు. మా ఇంట్లో అది అమ్మ పని, సెలవుల్లో నాది.

సోఫీ నూలు తెచ్చింది. అమ్మ వీడియోలో కూర్చుంది. "ఒత్తకు బిడ్డా. వేళ్ల నడుమ దొర్లియ్యి" అనేది. పోగులు జారిపోయేవి. నాకు విసుగొచ్చినా అమ్మకు రాలేదు. చివరికి ఒక పోగు నిలిచింది.

"ఇగ గుంజి చూడు" అంది అమ్మ.

గుంజాను. ఊడలేదు. అమ్మ వెనకనుంచి నాయిన గొంతు వినబడింది, "మల్ల గుంజు." మళ్లీ గుంజాను. ఊడలేదు. ముగ్గురమూ ఏడ్చాం, సోఫీకి మాత్రం సంగతేమిటో అర్థం కాలేదు. ఆ రోజే నాయిన మళ్లీ మగ్గం మీద కూర్చున్నాడట.

ఇప్పుడు చదువు పూర్తయింది, కాస్త ఆలస్యంగా. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాను. బాగా అలసిపోతే పాదాల్లో చీమలు వచ్చి పలకరించి పోతాయి. ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కాలు కదిలించగానే పోతే అది తిమ్మిరి. రెండు కాళ్లకూ వచ్చి, పోకుండా పైకి పాకుతూ, లేవడమో మెట్లెక్కడమో కష్టమైతే ఆ రోజే నరాల డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లండి. ఇంటికి ఫోను అక్కడినుంచి చేయవచ్చు.

గద్వాలకు తిరిగి వచ్చిన మొదటి మధ్యాహ్నం నాయిన మగ్గం గుంటలోంచి పైకి వచ్చాడు. గుంజ పట్టుకుని, చప్పుడు లేకుండా, తిమ్మిరి దానంతటదే వదిలేదాకా నిలబడ్డాడు. నాకు జబ్బు చేశాక మళ్లీ మగ్గమెక్కినప్పటి నుంచీ అంతేనని, ఇప్పుడు అన్నానికి తానే వచ్చి పిలవాల్సి వస్తోందని అమ్మ చెప్పింది.

నేను నడుచుకుంటూ ఆయన ముందుకు వెళ్లాను.

"కొట్టు నాయినా. నీది తిమ్మిరే."

ఆయన నా కాళ్ల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాలెత్తి నేలకేసి దబదబా కొట్టాడు. వంటింట్లో అమ్మ కంచాలు తీసింది.